అమ్మా సుస్సు! చిన్నపిల్లలతో బయటికెళ్లినప్పుడు పబ్లిక్ టాయిలెట్ వాడటం ఎలా

బస్సు నార్కట్‌పల్లి దాటి పది నిమిషాలైంది. ఒళ్లో కూర్చున్న మూడేళ్లవాడు చిటికెన వేలు చూపిస్తాడు. బస్సు మళ్లీ ఆగేది సూర్యాపేటలోనే. "కొంచెం ఆపుకో నాన్నా, వచ్చేస్తోంది" అంటాం. వాడు కాళ్లు దగ్గరికి ముడుచుకుని మన ముఖం వంక చూస్తాడు. ఈ టెన్షన్ పడని తల్లిదండ్రులు ఎవరూ ఉండరేమో.

మా పాపకి ఇప్పుడు ఏడేళ్లు, బాబుకి నాలుగు. హైదరాబాద్ నుంచి విజయవాడ దగ్గర మా అమ్మవాళ్ల ఊరికి ఏడాదిలో నాలుగైదుసార్లు వెళ్తాం. మొదట్లో నేనూ చాలామందిలాగే ఆలోచించేదాన్ని. బయటి టాయిలెట్లు మురికి, అక్కడికి పిల్లల్ని తీసుకెళ్లకపోతేనే మంచిది అనుకుని, ప్రయాణం రోజు నీళ్లు తక్కువ తాగించేదాన్ని. చేరేదాకా ఆపుకోమనేదాన్ని. పాపకి అయిదేళ్లప్పుడు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చి జ్వరంతో నాలుగు రోజులు పడుకుంది. డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "బయటికెళ్తే ఆపుకుంటుందా అమ్మా?" అని. నాకు నోట మాట రాలేదు.

అప్పటి నుంచి ఒకటే పట్టుదల పెట్టుకున్నాను: "ఆపుకో" అనే మాట నా నోటి నుంచి రాకూడదు. అందుకోసం ఒక్కొక్కటిగా నేర్చుకున్నవి ఇక్కడ వరసగా చెబుతున్నాను.

ముందు, దేనికి భయపడాలో తెలుసుకోండి

మనందరి భయం సీటు మీదే. ఎవరెవరో కూర్చున్న చోట మన బిడ్డని ఎలా కూర్చోబెట్టాలి అని. నిజానికి చర్మం మీద పుండో గాయమో లేకపోతే సీటుకి తొడలు తగిలినంత మాత్రాన జబ్బులు రావడం చాలా అరుదు. విరేచనాలు, వాంతులు, కడుపులో పురుగులు వచ్చే దారి వేరే. పిల్లలు గడియ పట్టుకుంటారు, మగ్గు పట్టుకుంటారు, గోడ తడుముతారు, అదే చేయి నోట్లో పెట్టుకుంటారు. కాబట్టి సీటు గురించి పడే కంగారులో సగం చేతుల మీదికి మళ్లించండి.

రెండోది, ఆపుకోవడం. మూడేళ్ల పిల్లల మూత్రాశయంలో పట్టేది సుమారు 120 నుంచి 150 మిల్లీలీటర్లు. చిన్న మజ్జిగ ప్యాకెట్ అంత కూడా కాదు. మనం నాలుగు గంటలు కూర్చోగలం కదా అని వాళ్లూ కూర్చోగలరనుకోవడం అన్యాయం. మూత్రం ఎక్కువసేపు నిలవుంటే ఇన్‌ఫెక్షన్‌కి చోటిచ్చినట్టే. ఆడపిల్లలకి మూత్రం బయటికి వచ్చే దారి పొట్టిగా ఉంటుంది కాబట్టి వాళ్లకి ఈ ముప్పు ఇంకా ఎక్కువ. రెంటికి ఆపుకుంటే మలం గట్టిపడుతుంది, మర్నాడు వెళ్తే నొప్పి పుడుతుంది, ఆ నొప్పికి భయపడి పిల్లలు ఇంకా ఆపుకుంటారు. ఒక్క ప్రయాణంతో మొదలైన మలబద్ధకం నెలల తరబడి సాగిన పిల్లల్ని నేను చూశాను.

నీళ్లు తగ్గించడం దీనికి మందు కాదు. ముఖ్యంగా ఏప్రిల్, మే నెలల్లో ఆ పని అసలు చేయొద్దు. ఒకేసారి సీసాడు తాగించకుండా, కొంచెం కొంచెంగా, తరచుగా ఇస్తే చాలు. కూల్‌డ్రింకులు మాత్రం దారిలో వద్దు.

బయల్దేరే ముందు ఇంట్లో

"సుస్సు వస్తోందా?" అని అడగకండి. చెప్పులు వేసుకున్న పిల్లలెవరైనా "రావట్లేదు" అనే చెబుతారు. "పద, సుస్సు పోసుకుని చెప్పులేసుకుందాం" అనండి. ఇంటి నుంచి కదిలే ముందు ఒకసారి, ఎక్కడికైనా చేరగానే ఒకసారి, అక్కడి నుంచి బయల్దేరేటప్పుడు ఒకసారి. మధ్యలో రెండు గంటలకోసారి. ఇది అలవాటైతే సగం గొడవ తగ్గిపోతుంది.

రెంటికి విషయంలో ఇంకో సంగతి ఉంది. తిన్న పావుగంట, అరగంటకి పేగులు కదలడం సహజం. దారిలో ఇడ్లీ తినిపించిన వెంటనే కారెక్కించేస్తే ఇరవై నిమిషాల్లో కడుపు పట్టుకుంటారు. తిన్నాక ఓ పది, పదిహేను నిమిషాలు అక్కడే ఉండి, హోటల్ టాయిలెట్‌లో ఒకసారి కూర్చోబెట్టి అప్పుడు కదలండి.

అపార్ట్‌మెంట్లలో పెరిగే పిల్లలకి కమోడ్ తప్ప ఇంకోటి తెలియదు. అమ్మమ్మగారి ఊళ్లోనో బస్టాండులోనో ఇండియన్ టాయిలెట్ చూడగానే ఏడుపు అందుకుంటారు. పల్లెటూరి పిల్లలకి ఇదే తిప్పలు కమోడ్‌తో. ప్రయాణానికి వారం ముందు నుంచి గొంతుకు కూర్చోవడం ఆటలా చేయించండి. మావాడికి "కప్పలా కూర్చో" అంటే చాలు. ఇంట్లో రెండు రకాలూ ఉంటే రోజు మార్చి రోజు వాడించండి.

మాట కూడా చూసుకోండి. ఇంట్లో సుస్సు అనే పిల్లలకి టీచరు దగ్గరో బంధువుల దగ్గరో ఆ మాట అనడానికి సిగ్గు. చిటికెన వేలు చూపిస్తే ఒంటికి, రెండు వేళ్లు చూపిస్తే రెంటికి అని బడుల్లో అందరికీ తెలిసిన గుర్తే నేర్పండి. పెళ్లి సందడిలో, మైకు హోరులో కూడా అది పనిచేస్తుంది.

ఇక బట్టలు. బెల్టు పెట్టిన జీన్సు, వెనకాల జిప్పున్న ఫ్రాకు, బిగుతు లెగ్గిన్స్, కాళ్ల మధ్య బటన్లుండే జంప్‌సూట్ లాంటివి ఫొటోలకి బాగుంటాయి కానీ తడి నేల మీద నిలబడి విప్పడం నరకం. ఎలాస్టిక్ నడుమున్న ప్యాంటు, మోకాళ్ల దాకా ఉండే ఫ్రాకు వేయండి.

టాయిలెట్ సంచి

చిన్న గుడ్డ సంచి ఒకటి వేరుగా పెట్టండి. పెద్ద బ్యాగులో అడుగున పడేస్తే అవసరానికి దొరకదు. నా సంచిలో ఉండేవి: పేపర్ సోప్ డబ్బా (ఫ్యాన్సీ షాపుల్లో దొరుకుతుంది), వెట్ వైప్స్, పొడి టిష్యూలు, చిన్న శానిటైజర్, రెండు జతల చెడ్డీలు, ఒక ప్యాంటు, పాత నూలు తువ్వాలు ముక్క, నాలుగైదు కవర్లు, ఒక అర లీటరు ఖాళీ నీళ్ల సీసా, అయిదు పది రూపాయల చిల్లర.

ఆ సీసా గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మూతకి వేడి సూదితో నాలుగైదు చిల్లులు పెడితే కడగడానికి అంతకన్నా మంచి వస్తువు లేదు. అక్కడి మగ్గు ముట్టుకోనక్కర్లేదు, కుళాయిలో నీళ్లు రాకపోయినా భయం లేదు. తాగే సీసాతో కలిసిపోకుండా దానికి ఎర్ర రిబ్బను కట్టండి.

కారులో వెళ్లేవాళ్లు ప్లాస్టిక్ పాటీ ఒకటి డిక్కీలో పడేసుకుంటే చాలా తేలిక. అందులో కవరు తొడిగి, అడుగున టిష్యూలు వేసి కూర్చోబెట్టొచ్చు. పని అయ్యాక సుస్సు అయితే టాయిలెట్‌లో పోయాలి, కవరు ముడేసి చెత్తడబ్బాలో వేయాలి, రోడ్డు పక్కన విసిరేయకూడదు. మగపిల్లాడు కదా అని గోడ వైపు తిప్పి నిలబెట్టడం కూడా మానేద్దాం. నాలుగేళ్లప్పుడు మనం నిలబెట్టినవాడే నలభై ఏళ్లకీ అదే గోడ దగ్గర నిలబడతాడు.

దారిలో ఎక్కడ ఆగాలి

ఆగే చోట్లు ముందే అనుకుని బయల్దేరండి. హైదరాబాద్–విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి తీసుకుంటే పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు దగ్గర టోల్‌ప్లాజాలున్నాయి. జాతీయ రహదారుల టోల్‌ప్లాజాల దగ్గర ప్రయాణికులకి టాయిలెట్లు ఉంటాయి. గేటు దాటాక బండి పూర్తిగా పక్కకి తీసి ఆపండి. పిల్లల్ని రోడ్డు దాటించే పని పెట్టుకోకండి. టాయిలెట్ తాళం వేసి ఉన్నా, వాడలేని స్థితిలో ఉన్నా రహదారుల హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేసి చెప్పొచ్చు. నేను చేశాను. రెండు నిమిషాల పని. మన తర్వాత వచ్చే తల్లికి పనికొస్తుంది.

పెట్రోల్ బంకుల్లో టాయిలెట్, తాగే నీళ్లు, టైర్లకి గాలి ఉచితంగా ఇవ్వాలని ఆయిల్ కంపెనీల నిబంధన ఉంది. తలుపుకి తాళం కనిపిస్తే వెనక్కి తిరిగి రావద్దు. "అన్నా, చిన్న పాప, తాళం ఇవ్వరా" అని అడగండి, చాలాసార్లు క్యాష్ కౌంటర్ దగ్గరే ఉంటుంది. ఊళ్లలో అయితే ఆర్టీసీ బస్టాండు, సులభ్ కాంప్లెక్స్, టిఫిన్ హోటల్, ఆస్పత్రి, బట్టల పెద్ద షాపు. ఫోన్ మ్యాప్‌లో పబ్లిక్ టాయిలెట్ అని వెతికినా దగ్గర్లో ఉన్నవి చూపిస్తుంది. కొత్త చోటికి చేరగానే, పిల్లలు అడగకముందే, అది ఎక్కడుందో కళ్లతో చూసి పెట్టుకోవడం నా అలవాటు.

బస్సులో ఉంటే మొహమాటం వదిలేయండి. ఎక్కేటప్పుడే కండక్టరుకో డ్రైవరుకో "చిన్నపిల్లలున్నారు, ఎక్కడెక్కడ ఆపుతారు?" అని అడిగి ఉంచితే, మధ్యలో అర్జెంటు అన్నప్పుడు వాళ్లు కూడా విసుక్కోరు.

తలుపు దగ్గర

బయట కూర్చున్న శుభ్రం చేసే అక్కని పలకరించండి. "ఏది కడిగి ఉందక్కా?" అని అడిగితే సరైన గది చూపిస్తుంది, చాలాసార్లు ఒక బకెట్ నీళ్లు కూడా కొట్టి ఇస్తుంది. రోజంతా ఆ వాసనలో నిలబడి మనకోసం పని చేసే మనిషి. పైసలు పడేసి ముఖం తిప్పుకుని వెళ్లడం నాకు నచ్చదు. పిల్లల చేత "థాంక్యూ ఆంటీ" అనిపించండి.

క్యూ ఉంటే, ముందున్నవాళ్లని "అమ్మా, చిన్న పిల్లాడు, ఆగలేకపోతున్నాడు" అని అడగండి. ఇంతవరకు నాకు కాదన్నవాళ్లు లేరు.

లోపలికి వెళ్లేలోపు నాలుగు పనులు బయటే అయిపోవాలి. ఫోన్ సంచిలోకి వెళ్లాలి, జేబులోనో చేతిలోనో ఉంచుకుంటే వంగినప్పుడు నేరుగా గుంటలో పడుతుంది. సంచి మెడలో అడ్డంగా వేసుకోవాలి, ఎందుకంటే తలుపుకి కొక్కెం ఉంటుందన్న నమ్మకం లేదు. చీర కుచ్చిళ్లు, చున్నీ, పిల్లల ప్యాంటు అంచులు పైకి మడవాలి. కాళ్లకి చెప్పులుండాలి.

లోపల

మొదట మీరు చూడండి, పిల్లల్ని గుమ్మం దగ్గరే ఆపి. నేల జారుడుగా ఉందా, నీళ్లు వస్తున్నాయా, గడియ పనిచేస్తుందా. ఒకసారి ఫ్లష్ చేయండి, లేదా మగ్గుతో నీళ్లు కొట్టండి. జెట్ స్ప్రే ఉంటే పిల్లల మీద వాడేముందు గుంటలోకి ఒకసారి నొక్కి చూడండి. కొన్నిచోట్ల నీళ్లు అంత జోరుగా వస్తాయి, పిల్లలకి మంట పుడుతుంది, మురికి కూడా పైకి చిందుతుంది.

పిల్లలు లోపలికి అడుగు పెట్టగానే "చేతులు కట్టుకో" అనండి. బడిలో విన్న మాటే కాబట్టి వెంటనే వింటారు. "అది ముట్టుకోకు, ఇది ముట్టుకోకు" అని పదిసార్లు అరవడం కంటే ఇది మేలు. అరిస్తే భయం పుట్టి, వచ్చేది కూడా ఆగిపోతుంది.

ఇండియన్ టాయిలెట్ అయితే: ప్యాంటు, చెడ్డీ ఒక కాలి నుంచి పూర్తిగా తీసేయండి. మోకాళ్ల దగ్గర వేలాడుతుంటే తప్పకుండా తడుస్తాయి. మూడేళ్లలోపు పిల్లలైతే వెనక నుంచి రెండు తొడల కింద చేతులు పెట్టి, వీపు మీ ఛాతీకి ఆనించి, గుంట మీద పట్టుకోండి. కొంచెం పెద్దవాళ్లని ఎత్తి పట్టుకుంటే మన నడుం పోతుంది. వాళ్లకి పాదాలు పెట్టే దిమ్మెలు ఎడంగా ఉంటాయి, అందుకే తూలతారు. మీరు ఎదురుగా కాళ్లు ఎడం చేసి గట్టిగా నిలబడి, వాళ్ల రెండు మణికట్లూ పట్టుకుని, కొంచెం వెనక్కి వాలి కూర్చోమనండి. పడతామన్న భయం పోతే పని దానంతటదే అవుతుంది.

కమోడ్ అయితే: సీటు వైప్‌తో తుడిచి, పొడి టిష్యూతో ఆరేలా ఇంకోసారి తుడవండి. అంతే చాలు. మన ఆడవాళ్లకి ఒక అలవాటుంది. సీటుకి తగలకుండా సగం గాల్లో లేచి నిలబడటం. పిల్లలకి అది నేర్పకండి. తొడలు బిగబట్టి ఉంటే కింది కండరాలు వదులవవు, మూత్రం పూర్తిగా బయటికి రాదు, మిగిలిపోయింది లోపల ఇన్‌ఫెక్షన్‌కి దారి తీస్తుంది. హాయిగా కూర్చోవాలి. చిన్నవాళ్లు గుంటలో పడతామని భయపడితే వెనక్కి తిప్పి, ట్యాంకు వైపు ముఖం పెట్టి, గుర్రం ఎక్కినట్టు కూర్చోబెట్టండి. ఇలా కూర్చుంటే కాళ్లు రెండు పక్కలా ఆనుతాయి, జారరు. దీనికి ప్యాంటు పూర్తిగా తీయాల్సిందే.

కమోడ్ అంచు మీద ఎక్కి గొంతుకు కూర్చోవడం మాత్రం ఎప్పుడూ వద్దు. తడి కాళ్లతో జారొచ్చు, పింగాణీ పగిలితే లోతైన గాయాలవుతాయి.

ఆడపిల్లలకి ఒక చిన్న పద్ధతి నేర్పండి. మోకాళ్లు దగ్గరగా కాకుండా ఎడంగా పెట్టి, కొంచెం ముందుకు వంగి కూర్చోవాలి. అయిపోయిందని అనగానే లేవకుండా అయిదు అంకెలు లెక్కపెట్టి, "ఇంకో రెండు చుక్కలు" అని మళ్లీ ప్రయత్నించాలి. మా పాపకి డాక్టరు చెప్పినది ఇదే. ఆ తర్వాత మళ్లీ ఇన్‌ఫెక్షన్ రాలేదు.

మాల్స్‌లో, ఎయిర్‌పోర్టుల్లో సెన్సార్‌తో దానంతటదే ఫ్లష్ అయ్యే కమోడ్లు ఉంటాయి. పిల్లలు కూర్చుని ఉండగానే పెద్ద శబ్దంతో నీళ్లు కొడితే ఇక ఆ రోజుకి ఏ టాయిలెట్‌కీ రారు. లేచేదాకా సెన్సార్ మీద టిష్యూ ముక్క తడిపి అతికించండి. చేతులు ఆరబెట్టే మిషన్ కూడా అంతే. 2019లో కెనడాలో నోరా కీగన్ అనే పదమూడేళ్ల అమ్మాయి ఈ మిషన్ల మోత పిల్లల చెవుల ఎత్తులో కొలిచి, కొన్ని 100 డెసిబెల్స్ దాటుతున్నాయని పిల్లల వైద్య పత్రికలో వ్యాసం రాసింది. చెవులు మూసుకుని పారిపోయే పిల్లలు మారాం చేస్తున్నట్టు కాదు, వాళ్లకి నిజంగానే భరించలేనంత మోత. మన తువ్వాలుతో తుడిచేద్దాం.

కడగడం, చేతులు

ముందు నుంచి వెనక్కి కడగాలి, తుడవడం కూడా అలాగే. ఆడపిల్లలకి ఇది తప్పనిసరి. వెనక నుంచి ముందుకి చేస్తే మలంలోని క్రిములు మూత్రద్వారం దగ్గరికి చేరతాయి. కడిగాక టిష్యూతో తడి అద్ది ఆరబెట్టండి, తడి చెడ్డీతో గంటలు కూర్చుంటే ఒరుసుకుపోతుంది.

డైపర్ అయితే మలాన్ని టాయిలెట్‌లో దులిపి, గట్టిగా చుట్టి, దాని టేపులతోనే అంటించి, కవర్లో ముడేసి చెత్తడబ్బాలో వేయాలి. డబ్బా లేకపోతే సంచిలో పెట్టుకుని డబ్బా దొరికేదాకా మోయాలి. వైప్ కూడా గుంటలో వేయకూడదు, అది కరగదు.

చేతులు సబ్బుతో 20 సెకన్లు రుద్దాలి. మావాళ్లు ఒకటి నుంచి ఇరవై దాకా నెమ్మదిగా లెక్కపెడతారు. బేసిన్ ఎత్తుగా ఉంటే పిల్లల్ని ఎత్తి ఆ తడి గట్టు మీదికి నెట్టకండి, వాళ్ల చొక్కా మొత్తం ఆ నీళ్లు పీల్చుకుంటుంది. సీసాలో నీళ్లు పట్టి, బయటికొచ్చి, కింద కూర్చుని పోయండి. పేపర్ సోప్ ఒక రేకు తీసేటప్పుడు మన చేయి పొడిగా ఉండాలి, లేకపోతే డబ్బా మొత్తం ముద్దయిపోతుంది. శానిటైజర్‌లో ఆల్కహాల్ కనీసం 60 శాతం ఉండాలి. అయినా కంటికి కనిపించే మురికి మీద అది పెద్దగా పనిచేయదు, వాంతులు విరేచనాలు తెచ్చే కొన్ని వైరస్‌లకీ చాలదు. సబ్బు, నీళ్లు దొరకని చోటే దాన్ని నమ్ముకోండి.

రైల్లో

బండి ఊగుతుంటుంది కాబట్టి ఒక చేయి ఎప్పుడూ కడ్డీ మీద, ఇంకో చేయి పిల్లల మీద. అందుకే సంచి మెడలోనే ఉండాలి. పొద్దున్నే అందరూ లేచాక క్యూ పెరుగుతుంది, నీళ్లు అయిపోతాయి. అయిదున్నరకే పిల్లల్ని లేపి తీసుకెళ్లండి, మళ్లీ పడుకోబెట్టొచ్చు. ఇప్పుడు బోగీల్లో ఉన్నవి బయో టాయిలెట్లు. కింద ట్యాంకులో బ్యాక్టీరియా మలాన్ని నీరుగా, వాయువుగా మారుస్తుంది. అందులో డైపరో ప్లాస్టిక్ కవరో పడితే మూసుకుపోయి బోగీ అంతటికీ ఇబ్బంది. గది మరీ పాడుగా ఉంటే 139కి ఫోన్ చేసినా, రైల్ మదద్ యాప్‌లో పీఎన్‌ఆర్ నంబరుతో పెట్టినా మనుషుల్ని పంపిస్తారు. వందే భారత్‌లో ఫ్లష్ గాలితో లాగినట్టు ఉండి పెద్ద శబ్దం వస్తుంది, పిల్లల్ని తలుపు బయటికి పంపాక నొక్కండి.

గుడి, జాతర, పెళ్లి

గుడి దగ్గర అసలు సమస్య చెప్పులు. చెప్పుల స్టాండులో ఇచ్చేశాక పిల్లలు సుస్సు అంటారు, వట్టి కాళ్లతో ఆ తడిలోకి వెళ్లాలి. కాబట్టి వరస మార్చండి. ముందు టాయిలెట్, తర్వాత కాళ్లు కడుక్కోవడం, ఆ తర్వాతే చెప్పులు వదలడం. తిరుమలలో అయితే క్యూ కాంప్లెక్స్ కంపార్ట్‌మెంట్ల దగ్గర టాయిలెట్లు ఉంటాయి. గేట్లు తెరిచాక మాత్రం జనం కదులుతూనే ఉంటారు, మధ్యలో బయటికి రావడం కష్టం. అందుకే కంపార్ట్‌మెంట్‌లో కూర్చున్నప్పుడే గంటకోసారి తీసుకెళ్లండి. వట్టి కాళ్లతో వెళ్లి వస్తే పాదాలు కూడా సబ్బుతో కడగాలి.

మేడారం జాతరలో, పుష్కరాల్లో తాత్కాలికంగా రేకుల గదులు కడతారు. రాత్రిపూట లోపల వెలుతురు ఉండదు. మెడలో వేసుకునే చిన్న టార్చి కొనుక్కోండి. జనం మధ్య టాయిలెట్‌కి వెళ్లేటప్పుడే పిల్లలు తప్పిపోయేది. బాల్‌పెన్‌తో ముంజేతి మీద ఫోన్ నంబరు రాసి పంపండి.

పెళ్లిళ్లలో పట్టు పరికిణీని పైకెత్తి నడుం దగ్గర చుట్టి, సేఫ్టీ పిన్ను పెట్టేయండి. పరికిణీ కింద నూలు చెడ్డీ వేయండి. మగపిల్లల పంచె అయితే రెడీమేడ్ ఎలాస్టిక్ పంచె మంచిది.

నాన్నతో పాప, అమ్మతో బాబు

అమ్మతో నాలుగైదేళ్ల బాబు లేడీస్‌లోకి వెళ్తే ఎవరూ ఏమీ అనరు. నాన్నతో పాప వెళ్లాల్సి వచ్చినప్పుడే చిక్కు. మా ఆయన ఒక్కడే పాపని తీసుకెళ్లిన ప్రతిసారీ దీంతో ఇబ్బందిపడేవాడు. ముందుగా దివ్యాంగుల టాయిలెట్ ఉందేమో చూడాలి, అది విశాలంగా, విడిగా ఉంటుంది. వీల్‌చైర్‌లో ఎవరైనా వేచి ఉంటే మాత్రం వాళ్లకే ముందు. అది లేకపోతే లేడీస్ వైపు ఉన్న అక్కతో మాట్లాడి, మీరు తలుపు బయటే నిలబడి, పాపతో మాట్లాడుతూనే ఉండండి. అదీ కుదరకపోతే పాపని ఎత్తుకుని, ముఖం భుజం మీద పెట్టించి, జెంట్స్‌లో నేరుగా తలుపున్న గదికే తీసుకెళ్లాలి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. చాలాచోట్ల డైపర్ మార్చే బల్ల లేడీస్‌లో మాత్రమే పెడతారు. నాన్నలు కూడా డైపర్లు మారుస్తారని మేనేజర్లకి చెబుతూ ఉండాలి. నేను ప్రతిసారీ చెబుతాను.

చిన్నపిల్లల్ని ఒంటరిగా లోపలికి పంపి గడియ పెట్టుకోమనకండి. ఒక హోటల్లో మావాడు నాకంటే ముందు దూరి లోపల గడియ పెట్టేసుకున్నాడు. పెట్టడం వచ్చింది, తీయడం రాలేదు. ఇరవై నిమిషాలు వాడు లోపల, నేను బయట ఏడ్చాం. చివరికి పై ఖాళీలోంచి ఒక కుర్రాడు దిగి తీశాడు. అప్పటినుంచి తలుపు ఓరగా వేసి నా పాదం అడ్డుపెడతాను.

ఆరేడేళ్లు వచ్చి సొంతంగా వెళ్తామంటే వెళ్లనివ్వాలి, కానీ మీరు గుమ్మం దగ్గరే ఉండి మాట్లాడుతూ ఉండండి. లోపల ఎవరైనా సాయం చేస్తామని దగ్గరికి వచ్చినా, తాకినా, ఫోన్ కెమెరా పెట్టినా గట్టిగా "అమ్మా!" అని అరవమని ఇంట్లోనే నేర్పండి. అలాంటిది ఏదైనా జరిగితే పిల్లల హెల్ప్‌లైన్ 1098, లేదా 112.

చెడ్డీ తడిపేసుకుంటే

తడుపుకుంటారు. అందరి పిల్లలూ తడుపుకుంటారు. నలుగురిలో "ఛీ, ఇంత పెద్దయ్యావ్" అనకండి. ఆ మాట విన్న పిల్లలు తర్వాత చెప్పడమే మానేస్తారు. తువ్వాలు చుట్టి, పక్కకి తీసుకెళ్లి, తుడిచి, బట్టలు మార్చి, తడివి కవర్లో వేయండి. సీటు తడిస్తే తుడిచి, పక్కవాళ్లకి ఒక మాట చెప్పండి.

విదేశాలకి వెళ్తున్నారా

అమెరికాలోనో యూరప్‌లోనో మనవాళ్ల దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ చిల్లుల సీసా మర్చిపోవద్దు. అక్కడ టాయిలెట్లలో కాగితమే ఉంటుంది, నీళ్లతో కడగడం అలవాటైన పిల్లలు ఒప్పుకోరు. బేసిన్ దగ్గర సీసా నింపుకుని లోపలికి వెళ్లండి. అమెరికాలో గది తలుపుల కింద చాలా ఖాళీ ఉంటుంది, పిల్లలు వంగి పక్క గదిలోకి తొంగి చూస్తారు, ముందే చెప్పి ఉంచండి. ఫ్యామిలీ రెస్ట్‌రూమ్ అని బోర్డు కనిపిస్తే నాన్న, పాప నిశ్చింతగా వెళ్లొచ్చు.

ఇంటికి చేరగానే, అలసటగా ఉన్నా సరే, సంచి ఖాళీ చేసి ఉతకండి. సీసా వేడినీళ్లతో కడిగి ఎండలో బోర్లించండి. ఉతికిన చెడ్డీలు, కవర్లు, పేపర్ సోప్ మళ్లీ లెక్కచూసి సర్ది, తలుపు వెనక కొక్కేనికి తగిలించేయండి.